మరాఠీ పుస్తకాలు, తెలుగు ఇల్లు, మూసిన బడి: నా అనుభవం

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ప్రాణహిత గట్టుకు దగ్గరలో ఉంటుంది మా ఊరు. రాష్ట్రం మహారాష్ట్ర, ఇంట్లో మాట తెలుగు. నేను పుట్టింది మాత్రం నది అవతల, మహదేవపూర్ మండలంలో. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, పెళ్లయ్యాక ఇటు వచ్చాను. మా ఆయన ట్రాక్టర్ నడుపుతాడు, నేను ఇంటి ముందు గదిలో చిన్న కిరాణం కొట్టు చూసుకుంటాను. పిల్లలిద్దరూ జిల్లా పరిషత్ మరాఠీ బడిలో. ఆరో తరగతి నుంచి హిందీ చదివిన పుణ్యాన నాకు మరాఠీ అక్షరాలు తెలుసు. కానీ చదివిన వాక్యం అర్థం కావాలంటే రెండోసారి చూసుకోవాలి.

2020 మార్చిలో కరోనాతో బళ్లు మూసినప్పుడు మా పెద్దోడు రెండో తరగతి. పరీక్షలు లేకుండానే మూడులోకి పంపించారు. చిన్నది ఆ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాలి. పేరు రాయించుకున్నారు, పుస్తకాలు ఇచ్చారు, బడి తలుపు మాత్రం తెరవలేదు. పల్లెల్లో ఒకటి నుంచి నాలుగు తరగతులు మళ్లీ మొదలైంది 2021 డిసెంబర్ 1న. అంటే మా పిల్ల బడి గడప మొదటిసారి తొక్కేసరికి రెండో తరగతి సగానికి వచ్చేసింది. ఒకటో తరగతి అనేది మొత్తం మా అరుగు మీదే అయిపోయింది. ఇంట్లో ఏం చేయించాం, ఏది పనికొచ్చింది, ఏది దండగ అని మా ఆడబిడ్డ ఈ మధ్య అడిగింది. వాళ్ల బాబుకు ఆపరేషన్ అయి బడికి పోయే వీలు లేకుండా ఉన్నాడు. ఆమెకు ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

'బడి బంద్, చదువు చాలూ' అని అర్థం వచ్చే మరాఠీ నినాదంతో ఇక్కడి ప్రభుత్వం పాఠాలను ఫోన్లలోకి పంపింది. మా ఇంట్లో పనికొచ్చే ఫోన్ ఒక్కటే, అది పొద్దున్నే మా ఆయన జేబులో ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోతుంది. గురూజీ, అంటే బడి సారు, పంపిన వీడియో రాత్రి అన్నాల వేళకు ఇల్లు చేరుతుంది. అప్పటికి సిగ్నల్ ఉంటే పిల్లలకు కళ్లు నిలవవు, పిల్లలు మేలుకుని ఉంటే సిగ్నల్ ఉండదు. అందుకని ఫోన్ మీద ఆశ త్వరగానే వదులుకున్నాం. గురూజీ అప్పుడప్పుడు బండి మీద వచ్చి పుస్తకాలూ బియ్యమూ ఇచ్చి, అరుగు మీద కూర్చుని పిల్లల చేత నాలుగు ముక్కలు చదివించి వెళ్లేవారు. నాకు ఏ వీడియో కన్నా ఆ పావుగంటే ఎక్కువ దారి చూపింది.

టీవీ మాత్రం కొంత ఆదుకుంది. 2020 జూలైలో దూరదర్శన్ మరాఠీ చానెల్ సహ్యాద్రిలో 'టిలిమిలి' అని ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లల కోసం కార్యక్రమం మొదలైంది. ఇంట్లో ఉండే వస్తువులతో ఏం చేయవచ్చో చూపించేవాళ్లు. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ తెలుగు చానెల్ యాదగిరిలో, తన చదువుల చానెల్ టీ-శాట్‌లో మూడో తరగతి నుంచి పాఠాలు వేసింది. మా డిష్‌లో సహ్యాద్రీ వస్తుంది, యాదగిరీ వస్తుంది. పెద్దోడు అదే మూడో తరగతి లెక్కలను పొద్దున మరాఠీలో, మరోసారి తెలుగులో చూసేవాడు. ఒకచోట అర్థం కాని భాగాహారం రెండోచోట అర్థమయ్యేది. సరిహద్దులో ఉన్నందుకు మాకు దక్కిన లాభం బహుశా ఇదొక్కటే. మిగతావన్నీ రెండువైపులా తిరగాల్సిన ఆఫీసులే.

ఇక రోజు సంగతి. కొట్లో పొద్దుటి బేరం పదింటికల్లా పలచబడుతుంది. అప్పటినుంచి వంట మొదలుపెట్టేదాకా ఉన్న సమయమే మా బడి. గంట దాటేది కాదు. మా పక్కింటి వదిన కొడుకుని పొద్దున తొమ్మిది నుంచి కూర్చోబెట్టి పాఠాలు ఎత్తిరాయించేది. నోటుబుక్కులు నిండేవి, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆ పిల్లాణ్ణి రాసిందేమిట్రా అని అడిగితే బిక్కమొహం వేసేవాడు. ఎత్తిరాయడం చేతికి కసరత్తే, కాదనను. చదువు అంతకంటే కొంచెం ఎక్కువ అడుగుతుంది. ఆరేడేళ్ల పిల్లలు ఒక పని మీద పావుగంట మనసు పెడితే అదే గొప్ప. పావుగంట చదవడం, పావుగంట లెక్క, తర్వాత చేతులతో ఏదో ఒకటి, చివర నాయినమ్మ దగ్గర మాటలు. వరస అప్పుడప్పుడు మారేది కానీ చదవడం మాత్రం మానేవాళ్లం కాదు.

చిన్నదానికి అక్షరాలు నేర్పడం దగ్గర నేను మా బడి పద్ధతిలో అ, ఆ అంటూ మొదలుపెట్టబోతే గురూజీ ఆపారు. మరాఠీ బళ్లలో 'గ, మ, భ, న'తో మొదలుపెట్టే అలవాటు ఉంది. ఆ నాలుగింటి రూపాలు దగ్గరగా ఉంటాయి, గీత కొంచెం మారిస్తే ఒకదాన్నించి ఇంకొకటి వస్తుంది. వాటితోనే చిన్న చిన్న మాటలూ కూర్చవచ్చు. పళ్లెంలో ముగ్గుపిండి పోసి వేలితో రాయించాను. తప్పు రాస్తే పళ్లెం ఊపితే చాలు, రబ్బరు అక్కర్లేదు, కాగితం చిరగదు, ఏడుపూ లేదు. పెన్సిల్ చేతికిచ్చింది చాలా ఆలస్యంగా. ఆ తర్వాత కొట్లో సామాన్ల మీది పేర్లు. ఉప్పు పాకెట్టు, సబ్బు, బిస్కెట్ పుడ, అగ్గిపెట్టె, అన్నిటి మీదా దేవనాగరి ఉంటుంది. "ఈ పుడ మీద 'మ' ఎక్కడుందో చూపించు, బిస్కెట్ నీది" అంటే వెతకని పిల్ల ఉండదు. కొట్టుకు కొంత నష్టం, నిజమే.

పెద్దోడికి రోజూ పాఠ్యపుస్తకం గట్టిగా చదవడం. నేను పక్కన కూర్చుని వేలు పెట్టి వరస చూసేదాన్ని. ఒక పేరా అయ్యాక పుస్తకం మూసి, అందులో ఏముందో నాకు తెలుగులో చెప్పాలి. ఇది నాకు మరాఠీ సరిగా రాకపోవడం వల్ల పుట్టిన ఏర్పాటు, కానీ నేను చేసిన అన్నిటిలోకీ దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. చదివింది అర్థమైతేనే వేరే భాషలో చెప్పగలడు, అర్థం కాకపోతే అక్కడే ఆగిపోతాడు. ఎక్కడ ఆగాడో నాకు తెలిసిపోతుంది. అదే మరాఠీలో చెప్పమంటే పుస్తకంలో వాక్యాన్నే అప్పజెప్పేవాడు, నేనూ తలూపేదాన్ని. సాయంత్రం దీన్ని తిప్పేసేవాళ్లం. నాయినమ్మ తెలుగులో చెప్పిన కథను వాడు మరాఠీలో చెల్లికి చెప్పాలి. మా అత్తకు చదువు లేదు, కథలకు మాత్రం కొదవ లేదు. పొడుపు కథలైతే నిద్ర లేపి అడిగినా వేస్తుంది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు, ఏమిట్రా?" అంటే వీడు ఇంట్లో ఉన్న తలుపులన్నీ వేసి తీసి వచ్చాడు. కనురెప్పలని చెల్లి చెప్పేసింది, ఆ పూటంతా అలక. ఆ తర్వాత సొంతంగా పొడుపు కథ కట్టడం వాళ్లకో ఆట అయింది. త్రాసు మీద కట్టినవి, మేక మీద కట్టినవి, మా ఆయన గురక మీద కట్టినవి కూడా ఉన్నాయి.

లెక్కల్లో అంకెల పేర్లే మొదటి తలనొప్పి. తెలుగులో ఇరవై, ఏడు అంటాం, రాసే వరసా అదే. మరాఠీలో సత్తావీస్: ముందు ఏడు, వెనక ఇరవై. ఇరవై తొమ్మిదైతే ఏకోణతీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. పిల్ల 72 రాయమంటే 27 రాసేది. 2019లో ఇక్కడి బడి పుస్తకాలు వేసే బాలభారతి వాళ్లు రెండో తరగతి లెక్కల పుస్తకంలో పాత పేర్లతో పాటు 'వీస్ సాత్' (ఇరవై, ఏడు) లాంటి పద్ధతి కూడా పెట్టారు. దాని మీద రాష్ట్రమంతా గోల జరిగింది. భాష పాడైపోతుందని కొందరు, అసెంబ్లీలో కొందరు. గణిత కమిటీ అధ్యక్షురాలు మంగళా నార్లీకర్ మాత్రం పిల్లలకు ఇది తేలికని, దక్షిణాది భాషల్లో ఇలాగే ఉందని చెప్పారు. మా పెద్దోడు ఆ కొత్త పుస్తకం చదివిన మొదటి ఏడాది పిల్లల్లో ఒకడు. ఆ గొడవలో నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు. మా ఇంట్లో చేసింది ఇదీ: అగ్గిపుల్లలను పదేసి రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాం. 27 అంటే రెండు కట్టలు, ఏడు విడి పుల్లలు. చేతిలో కట్టలు పెట్టుకుని ముందు తెలుగులో అనడం, తర్వాత మరాఠీలో రెండు రకాలుగానూ అనడం. పుల్లలు చేతిలో ఉన్నంతసేపు 72కీ 27కీ తేడా ఎవరూ చెప్పాల్సిన పని లేదు, ఏడు కట్టలు బరువుగా కనిపిస్తాయి.

ఎక్కాలు మాత్రం బీడీలు చుట్టే తునికాకు దయ. మే నెలలో మా వైపు ఊరు ఊరంతా తెల్లవారుజామున అడవికి పోయి ఆకు తెస్తుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కడతారు. గడ్చిరోలిలో కట్టకు 70 ఆకులు. నది దాటి మా పుట్టింటి వైపు కట్టకు 50. మా తమ్ముడు ఫోన్‌లో "ఇయాల మేము పద్నాలుగు కట్టలు కట్టినం బావా" అని మా ఆయనతో గొప్పలు పోతుంటే పెద్దోడిని కూర్చోబెట్టాను. మామవి 14 కట్టలు, మనవి 10. ఎవరు ఎక్కువ ఆకు కోశారు? వాడు తడుముకోకుండా మామ అన్నాడు. లెక్క కట్టమంటే అటూ 700, ఇటూ 700. నమ్మలేక మళ్లీ కట్టాడు. ఆ తర్వాత ఫోన్ లాక్కుని మామతో వాదన పెట్టుకున్నాడు. ఏడో ఎక్కం, ఐదో ఎక్కం ఆ వేసవిలో వచ్చినంత గట్టిగా మరి ఏ ఎక్కమూ రాలేదు. ఎనిమిదో ఎక్కానికి అడవిలో ఏ ఆకూ దొరకలేదు. దాన్ని అష్టాచెమ్మా మీద తోసేశాం. నాలుగు గవ్వలూ ఒకవైపు పడితే నాలుగు, ఇంకోవైపు పడితే ఎనిమిది, పిక్కలు నడపాలంటే కూడక తప్పదు.

బియ్యం లెక్క ఇంకొకటి. బడి మూసినా మధ్యాహ్న భోజనం తాలూకు బియ్యం, పప్పు ఇంటికిచ్చేవాళ్లు. ప్రాథమిక పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు లెక్క. బడి రోజులు 24 అయితే ఒక్కొక్కరికి ఎంత, ఇద్దరికీ కలిపి ఎంత? రెండు కిలోల నాలుగు వందలు, ఇద్దరికీ నాలుగు కిలోల ఎనిమిది వందలు. కొట్లో త్రాసు ఉందిగా, తూకం వేసుకోమన్నాను. కిలో అంటే వెయ్యి గ్రాములని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది, వంద గ్రాముల రాయి పదిసార్లు పెట్టి తీస్తే ఎక్కింది. మా చిన్నది అప్పటినుంచి కొట్లోకి వచ్చిన వాళ్లకు పావుకిలో అంటే 250 అని పాఠం చెప్పేది. కొందరు ముచ్చటపడ్డారు, కొందరు బేరం మానుకున్నారు.

వానాకాలంలో తీసివేతలు మేడిగడ్డ నుంచి వచ్చాయి. ఆ బ్యారేజీ మాకు దిగువన, గోదావరి మీద, ఒక కొస మా తాలూకాలోనే ఉంటుంది. దానికి 85 గేట్లు. అప్పట్లో వరద వస్తే తెలుగు వార్తల్లో ఎన్ని గేట్లు ఎత్తారో చెప్పేవాళ్లు. 57 ఎత్తారంటే ఎన్ని మూసి ఉన్నట్టు? వార్తలు రాగానే ఇద్దరూ పలక పట్టుకుని పోటీ. ఎక్కువ గేట్లు ఎత్తిన కొద్దీ జవాబు చిన్నదవుతుందని చిన్నది కనిపెట్టింది. నేను చెప్పలేదు. గోడకు మా దగ్గర రెండు కాలెండర్లు ఉంటాయి, ఒకటి తెలుగు, ఒకటి మరాఠీ కాల్‌నిర్ణయ్. నీళ్లు ఎంత వచ్చిందీ వాటి మీదే పెన్సిల్‌తో రాసేవాళ్లు. రెండింట్లోనూ ఒకే తిథి, రెండు లిపులు. ఉగాది పక్కన గుడీ పాడ్వా. చిన్నది తెలుగు అంకెలూ అక్షరాలూ కొన్ని ఆ గోడ మీదే పట్టుకుంది, నేను ప్రత్యేకంగా కూర్చోబెట్టలేదు.

అన్నిటికంటే పిల్లలు మరిచిపోనిది రాక్షసబల్లి పాఠం. మా తాలూకాలో వడదం దగ్గర రాయిగా మారిన చెట్ల మొద్దులున్న శిలాజాల పార్కు ఉంది. ఈ తాలూకాలోనే ఉన్న పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో పెద్ద రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో బరా పా అంటే పెద్ద కాలు, రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి రోజులు కాబట్టి ఆయన పేరు తోక. అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. ఇదంతా గురూజీ చెప్పిందే. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లట. నా దగ్గర బట్టలు కుట్టే టేపు ఉంది. వాకిట్లో సుద్దతో 1.7 మీటర్ల గీత గీసి, పక్కన చిన్నదాన్ని పడుకోబెట్టాం. చాలలేదు. పెద్దోణ్ణి పడుకోబెట్టాం, వాడూ చాలలేదు. మా ఆయన భోజనానికి వచ్చి ఇదేమిటని చూసి తనూ పడుకున్నాడు, ఆయన మాత్రం సరిగ్గా ఒక తొడ ఎముకంత ఉన్నాడు. తర్వాత జంతువు మొత్తం పొడవు 14 మీటర్ల దాకా అని టేపుతో వీధి కొలిచాం. మా గుమ్మం నుంచి పక్కింటి వదిన వాళ్ల గేదెల కొట్టం దాటింది. వీధిలో పిల్లలంతా చేరారు. తల ఎక్కడ, తోక ఎక్కడ అని కొట్లాట. ఆ రోజు కొలతల పాఠం, చరిత్ర, బొమ్మలు గీయడం అన్నీ అయిపోయాయి, వంట మాత్రం కాలేదు. పెద్దోడు దాని గురించి మరాఠీలో పది వాక్యాలు రాసి గురూజీకి ఇచ్చాడు. ఎవరూ చెప్పకుండా వాడు రాసిన మొదటి వ్యాసం అది.

ఇంట్లో కాని పనులూ ఉన్నాయి, అవి దాచడం భావ్యం కాదు. మరాఠీ మాట్లాడటం మేము నేర్పలేకపోయాం. చదవడం వచ్చింది, చెబితే అర్థమవుతుంది, నోరు మాత్రం పెగలదు. అది బడిలో తోటి పిల్లలతో కొట్లాడుతూ రావలసిన విద్య. మా వీధిలో కొట్లాటలన్నీ తెలుగులోనే. ఇంకోటి, వంతు కోసం ఆగడం. ఇంట్లో ఇద్దరే, అడగ్గానే జవాబు. ముప్పై మందిలో కూర్చుని చెయ్యెత్తి, తన పేరు పిలిచేదాకా ఉండటం చిన్నదానికి చాలా కష్టమైంది. బడి తెరిచిన కొత్తలో జవాబు తెలిసినా చెప్పకుండా ఇంటికొచ్చి నాకు చెప్పేది. 2022 జనవరిలో మళ్లీ మూసి, అదే నెల 24న తెరిచేసరికి అప్పటిదాకా అలవాటైన కాస్తా పోయి మొదటికొచ్చింది. రాత కూడా నెమ్మదే. ముగ్గుపిండిలో వేలు పరిగెత్తినట్టు గీతల పుస్తకంలో పెన్సిల్ పరిగెత్తదు. ఇదీ గురూజీ చెబితే తెలిసింది: చదవడంలో తరగతిలో ముందున్న నలుగురిలో ఉంది, రాయడంలో చివరన. ఇప్పుడు రోజూ ఐదు వాక్యాలు రాయిస్తున్నాను, ఎత్తిరాత కాదు, ఆ పూట కొట్లో జరిగిందేదో.

అందుకే ఆడబిడ్డకు చెప్పాను: బాబు ఇంట్లో ఉన్న నెలల్లో వాడి తరగతి పిల్లలిద్దరిని సాయంత్రం ఇంటికి పిలిపించు, పలహారం ఖర్చు చూసుకోకు. పొద్దున నువ్వు చదివించే గంట కంటే అదేమీ తక్కువ కాదు. మంచం మీద కూర్చుని అష్టాచెమ్మా ఆడొచ్చు, త్రాసు లేకపోతే కొలగ్లాసు ఉంటుంది. పుస్తకం గట్టిగా చదివించి కథ నీ భాషలో చెప్పించుకో. వర్క్‌షీట్లు వస్తే వాటిలో సగం వదిలేసినా కొంప మునగదు.

2022 జూలైలో గోదావరి, ప్రాణహిత రెండూ ఒకేసారి పొంగి, రోడ్లు మునిగి మళ్లీ బడి ఆగింది. నేను కొట్లో సామాన్లు పై అరల్లోకి సర్దుకునే హడావుడిలో ఉన్నాను. పిల్లలిద్దరూ వాళ్లంతట వాళ్లే పలక తీసి టీవీ ముందు కూర్చున్నారు. ఆ రోజు మేడిగడ్డలో 85 గేట్లూ ఎత్తేశారు. "సున్నా అమ్మా" అని అరిచింది చిన్నది. పెద్దోడు దాన్ని పట్టించుకోకుండా, అత్తా వాళ్ల ఊరు గోదావరికి అటా ఇటా, నీళ్లు అక్కడికీ వస్తాయా అని వాళ్ల నాన్నను అడుగుతున్నాడు. ఆయన ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాడు. ఆ రోజు సిగ్నల్ ఉంది.